ఎడమచేతి చూపుడువేలు

మధ్యాహ్నం రెండున్నర దాటింది. అన్నాలయ్యాయి, గిన్నెలు తోమి బోర్లించారు, మగవాళ్లు మంచాల మీద కునుకు తీస్తున్నారు. మీరు కూర్చున్నది నరసాపురం నుంచి ఆటోలో కాసేపు వస్తే తగిలే ఒక ఊళ్లో, కాలవ పక్కనున్న పెంకుటింటి అరుగు మీద. ఈ వేళకి వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే గడప దాటి బయటికొస్తారు. వెలుతురు కోసం. గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకుంటారు. కవర్లో తెల్లదారం ఉండ, అల్లిన పువ్వులు కొన్ని, ఒక సన్నటి సూది.

మీ పక్కన కూర్చున్న మామ్మగారు అలాంటి సూదే మీ చేతిలో పెడతారు. కుట్టు సూది కాదిది. దారం ఎక్కించడానికి బెజ్జం ఉండదు. బెత్తెడు పొడవున్న ఉక్కు పుల్ల, కొసన ఒక కొక్కెం. ఆ కొక్కెం మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుందేమో, వెలుతురుకి తిప్పి చూస్తేగాని కనపడదు. నడిమికి కొంచెం పైన పుల్లని చదును చేశారు. మీ బొటనవేలు ఎవరూ చెప్పకుండానే వెళ్లి అక్కడ ఆనుకుంటుంది.

“ఎప్పుడైనా అల్లారా అండి?”

లేదంటారు మీరు. మా అమ్మ స్వెట్టరు అల్లేది, రెండు సూదులతో, అని కూడా అంటారు, అదేదో అర్హత అయినట్టు.

“అది ఉన్నండి. ఇది లేసు. ముందు దారం పట్టుకోవడం రావాలి. సూది సంగతి తర్వాత.”

అయినా మీ చూపు సూది మీదే ఉంది. కొత్తవాళ్లు ఎవరైనా సూదినే చూస్తారు. మెరిసేది అది, కదిలేది అది, పని చేస్తున్నట్టు అగపడేదీ అదే. మామ్మగారు దాన్ని మీ చేతిలోంచి తీసేసుకుని తన ఒళ్లో పడేసుకుంటారు. మీ ఎడమచెయ్యి అందుకుని అరచెయ్యి పైకి తిప్పుతారు. దారం చిటికెనవేలికి ఒక చుట్టు. అక్కణ్ణుంచి ఉంగరపువేలికీ మధ్యవేలికీ కిందుగా. ఆ తర్వాత చూపుడువేలి మీదుగా బయటికి. కొసని బొటనవేలూ మధ్యవేలూ కలిపి పట్టుకోవాలి. చూపుడువేలు దేన్నీ పట్టుకోదు. పైకి లేచి ఉంటుంది, అంతే.

ఆ ‘అంతే’ దగ్గరే ఉంది పనంతా. ఉండలోంచి ఎంత దారం వదలాలో చిటికెనవేలు చూసుకుంటుంది. వచ్చిన దారాన్ని సూదికి అందేంత దూరంలో, అందేంత బిగువులో నిలబెట్టేది చూపుడువేలు. దారం వదులైతే కొక్కెం దాన్ని పట్టలేదు. బిగిసిపోతే పడుతుంది గానీ లాగలేదు. కాలవ గట్టున గాలం వేసుక్కూర్చున్న మనిషికి చేప ముట్టిన సంగతి కళ్లకన్నా ముందు వేలికి తెలుస్తుంది చూడండి, ఇక్కడా అదే లెక్క. మీ వేలికి మాత్రం ఇంకా ఏమీ తెలియదు. కాసేపటికే నొప్పి పుడుతుంది. ఎత్తి ఉంచమంటే ఆకాశంలోకి చూపిస్తున్నట్టు నిటారుగా పెట్టారు మరి.

ఎదురరుగు మీది ఆవిడ నవ్వు ఆపుకుంటుంది. ఆవిడ చేతులు ఆగవు.

ఇప్పుడు జారుముడి. దారాన్ని వేలికి చుట్టి, చుట్టులోంచి దారాన్ని ఉచ్చులా లాగి, సూదికి తగిలించి, కింది కొస సవరిస్తే ముడి సూది దగ్గరికి జరిగి ఆగుతుంది. మామ్మగారు దీన్ని రెప్పపాటులో వేసేస్తారు. నెమ్మదిగా వెయ్యమని మీరు అడుగుతారు. ఆవిడ నెమ్మదిగా వెయ్యబోయి ఆగిపోతారు. నెమ్మదిగా వేస్తే ఆవిడకే దారి తప్పుతోంది. ఏడెనిమిదేళ్ల వయసులో వేళ్లకి ఎక్కిన పని అది, మాటల్లోకి రమ్మంటే రాదు. చివరికి మీ వేళ్లని తన వేళ్లతో పట్టుకుని, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు ముడి వేయిస్తారు.

“ఇదిగో. ఇప్పుడు గొలుసు.”

అల్లికలో మొదటి మెట్టు గొలుసే. సూది మీద ఒక ఉచ్చు ఉంది. సూదిని దారం కిందుగా పోనిచ్చి పైకి తేవాలి, దారం సూది మీద పడుతుంది. కొక్కెం ఆ దారాన్ని పట్టుకోవాలి. పట్టుకున్న దారాన్ని సూది మీదున్న ఉచ్చులోంచి ఇవతలికి లాగాలి. పాత ఉచ్చు జారి కిందికి పోతుంది, కొత్తది సూది మీద నిలుస్తుంది. ఒక గొలుసు అయింది. మళ్లీ అదే. పసిపిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

మీరు సూది తోస్తారు. దారం మీద పడుతుంది. లాగుతారు. కొక్కెం పాత ఉచ్చు అంచుకి తగులుకుని ఆగిపోతుంది. ఇంకొంచెం గట్టిగా లాగుతారు. ఉచ్చు సాగుతుంది, కొక్కెం జారి ఉత్త చేతులతో బయటపడుతుంది. ఇంకోసారి పడుతుంది గానీ దారం మొత్తం రాలేదు. పురి విడిపోయి సగం పోగులే తగులుకున్నాయి. మిగతావి పక్కన కుచ్చులా లేచి ఉన్నాయి. అరచేతికి చెమట. సముద్రం దగ్గర, గాలిలోనే తడి, దారం వేలికి అంటుకుపోతోంది. ఎవరో పౌడరు డబ్బా మీ వైపు తోస్తారు. ఇది మీ ఒక్కరి అవస్థ కాదన్నమాట.

“కొక్కెం మొహం కిందికి తిప్పమ్మా. పైకి చూస్తా ఉంటే తగలదూ మరి?”

‘అండి’ పోయింది. దారం చేతిలోకి వచ్చాక మర్యాదలు నడవవు కాబోలు. అయితే ఆవిడ అన్న మాటలో కీలకం ఉంది. దారాన్ని పట్టేటప్పుడు కొక్కెం దారం వైపు చూడాలి. ఉచ్చులోంచి దాటేటప్పుడు మాత్రం మణికట్టు పావుచుట్టు తిరిగి, కొక్కెం నేలవైపు చూడాలి. అప్పుడు నున్నటి వీపు ఉచ్చుని రాసుకుంటూ జారిపోతుంది. బొటనవేలి కింద ఆ చదును ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తుంది. కొక్కెం ఎటు చూస్తోందో కంటితో చూసుకోనక్కర్లేదు, వేలికే తెలుస్తుంది.

తిప్పుతారు. జారుతుంది. సూది మీద కొత్త ఉచ్చు.

ఇంకోటి. ఇంకోటి. నాలుగోదానికి సూది ఉచ్చులోకి దూరనంటుంది. మీ గొలుసు మొదట్లో వెడల్పుగా, పోనుపోను సన్నంగా, చివర ముడిలాగా గట్టిపడింది. భయంతో బిగిస్తున్నారు. ప్రతి ఉచ్చునీ కొక్కెం మెడ దగ్గరే, పుల్ల సన్నగా ఉన్నచోటే లాగి బిగించేస్తున్నారు. ఉచ్చు కొలత తీసుకోవాల్సింది అక్కడ కాదు, కొంచెం వెనక, పుల్ల నిండుగా ఉన్నచోట. సూది ఎంత లావో ఉచ్చు అంత. అందుకే దారానికి తగ్గ సూది ఉండాలి. దారాలకి నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. ఇరవై నంబరు దారానికి పట్టే సూది నలభైకి పనికిరాదు. వల కన్నులు పెద్దవైపోతాయి, పువ్వు నిలబడదు.

మామ్మగారు మీ గొలుసుని పైకెత్తి చూస్తారు. ఏమీ అనరు. కొస పట్టుకుని లాగుతారు. మీరు పడ్డ పాటంతా సర్రున దారమైపోతుంది.

స్వెట్టరు అల్లికకీ దీనికీ ఉన్న తేడా ఇక్కడ చెప్పుకోవాలి. రెండు సూదుల అల్లికలో ఒక వరసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద తెరుచుకుని ఉంటాయి. ఒకటి జారిందా, దాని కింద వరసల్లో ఉన్నవి ఒకదాని వెనక ఒకటి విడిపోతూ పోతాయి. ఈ ఒంటిసూది అల్లికలో, అంటే క్రోషేలో, ఒక్కో అల్లిక ముగిశాక తెరుచుకుని ఉండేది ఒక్కటే ఉచ్చు. మిగతావన్నీ అప్పటికే మూసుకుపోయినవి. రెండు పద్ధతుల దారులూ చరిత్రలో వేరవడానికి ఒక పెద్ద కారణం కూడా ఇదే. వరసంతా తెరుచుకుని ఉంటుంది కాబట్టి వరసకి వరస ఒకేసారి అల్లే యంత్రం సాధ్యమైంది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర విలియం లీ అనే ఆయన 1589 నాటికే మేజోళ్లు అల్లే మగ్గం చేశాడు. ఈ రోజు మీరు వేసుకునే బనీను దాని వారసురాలే. క్రోషేలో ఆ ఒక్క ఉచ్చు ఇష్టమొచ్చిన చోట దూరుతుంది, వెనక్కి తిరుగుతుంది, గుండ్రంగా పోతుంది, పాత అల్లికలోకి మళ్లీ వస్తుంది. దాన్ని అలాగే చేసే యంత్రం ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో లేదు. క్రోషే మెషీన్ అని అమ్మేవి నిజానికి వేరే రకం అల్లిక యంత్రాలు, చూపుకి పోలిక తప్ప పనిలో పోలిక లేదు. అంటే ప్రపంచంలో ఎక్కడ నిజమైన క్రోషే ముక్క కనిపించినా, ప్రతి ఉచ్చు వెనకా ఒక మనిషి వేలు ఎత్తి కూర్చుందన్నమాటే.

ఇంకో తేడా కూడా ఉంది. ఈ అరుగు మీద కూర్చుంటేగాని అది తట్టదు.

లోపల పసివాడు ఏడుస్తాడు. ఎదురరుగు ఆవిడ చివరి ఉచ్చుని కాస్త సాగదీసి వదిలేసి, సూది ఉండలోకి గుచ్చి లేచిపోతుంది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని వస్తుంది. ఉచ్చులో సూది పెడుతుంది, అల్లిక సాగుతుంది. ఒక్క ఉచ్చే కదా కాపాడాల్సింది. పాలు పొంగినా, చుట్టం వచ్చినా, కుళాయిలో నీళ్లు వచ్చినా, ఈ పనిని ఎక్కడంటే అక్కడ ఆపి లేవచ్చు. లేవచ్చు కాబట్టే ఇంట్లోవాళ్లు లేపుతారు. లేపినా సాగుతోంది కాబట్టే దాన్ని పని కిందికి రానివ్వరు. ‘ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు లెండి’ అన్న మాట ఈ జిల్లాలో మీరు ఎంతమంది మగవాళ్ల నోట విన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికొచ్చి, ఈ అరుగుల మీదే కూర్చుని ఆ మాట లోతు తవ్వింది. 1982లో వచ్చిన ఆవిడ పుస్తకం పేరులోనే నరసాపురం ఉంది, లేసు అల్లే ఆడవాళ్లున్నారు. ఆవిడ చూసినప్పుడు రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన ఆడమనిషికి చేతికొచ్చేది సగటున రూపాయి లోపు. కూలికి పోయే ఆడవాళ్లకి అంతకన్నా ఎక్కువే ముట్టేది. కానీ కూలికి పోవడం నామోషీ, అరుగు మీద అల్లుకోవడం పరువు. ఆ పరువు ఖరీదు ఎవరు కడుతున్నారో, ఎవరి జేబులోకి పోతోందో ఆవిడ లెక్కలు కట్టి చూపించింది. గృహిణి అన్న ఒక్క ముద్రతో విదేశీ మార్కెట్ కోసం చేసే పని ఇంటి సరదా అయిపోతుందని ఆవిడ వాదన. ఈ వాదన పాతబడిందని అనేవాళ్లున్నారు. ఇక్కడ ఒక గంట కూర్చున్నాక నాకైతే అలా అనిపించదు.

“ఏటి, చూస్తా కూచున్నావు? వెయ్యి.”

ఈసారి దారం మీ వేళ్లకి కాస్త లొంగుతోంది. లాగినప్పుడల్లా చూపుడువేలు వెంట్రుకవాసి వంగి దారం ఇస్తోంది, లాగడం అవగానే మళ్లీ లేస్తోంది. ఈ వంగడం మీరు చేస్తున్నది కాదు. చేద్దామనుకుంటే తప్పుతోంది, ఊరుకుంటే వస్తోంది. ఉచ్చులు ఒకే కొలతలో రావడం మొదలవుతుంది. పైనుంచి చూస్తే ఒకదాంట్లోంచి ఒకటి మొలిచిన కోణాల వరస. తిరగేసి చూస్తే వీపున చిన్న చిన్న గుబ్బలు. లెక్కపెట్టేటప్పుడు సూది మీదున్న ఉచ్చుని లెక్కలోకి తీసుకోకూడదని మామ్మగారు చెబుతారు. అది ఇంకా అయిపోయింది కాదు కదా.

ఎనిమిది గొలుసులు. సూదిని మొదటిదానిలోకి గుచ్చి, దారం పట్టి, రెంటిలోంచీ ఒకేసారి లాగితే గొలుసు గుండ్రంగా మూసుకుంటుంది. ఇదే పువ్వుకి నడిమి. దాని మీద మూడు గొలుసులు నిలువుగా వెయ్యాలి, మొదటి రేకుకి ఎత్తు ఇవ్వడానికి. ఆ తర్వాత వచ్చేదే అసలైన అల్లిక. ముందుగా దారాన్ని సూదికి ఒక చుట్టు చుట్టుకోవాలి. సూది వలయం మధ్యలోంచి పోయి దారాన్ని తెస్తుంది. సూది మీద ఇప్పుడు మూడున్నాయి. దారం పట్టి రెండింటిలోంచి లాగాలి, రెండు మిగులుతాయి. మళ్లీ దారం పట్టి ఆ రెండింటిలోంచీ లాగాలి, ఒకటి మిగులుతుంది. అల్లిక ఒకటి నిలబడింది.

మీది నిలబడలేదు, పక్కకి ఒరిగింది. మూడు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగేశారు, పొట్టిగా వచ్చింది. మామ్మగారు వేలితో తాకి, “ఇది మరుగుజ్జుది” అంటారు. విప్పమనరు. పక్కన సరైనది వేయించి, రెంటినీ పక్కపక్కన ఉంచుతారు, చూసుకోమని. మాటలు రాని గురువు గొప్ప గురువు కావచ్చునని ఆ క్షణంలో అనిపిస్తుంది, కానీ అరగంట క్రితం ఆ జారుముడి దగ్గర అలా అనిపించలేదు లెండి.

ఈ కదలిక ఇక్కడిది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలకి తెచ్చారు. మెక్రే అనే స్కాట్లండ్ దంపతులు 1844లో నేర్పారని ఇక్కడ చెప్పుకుంటారు. సరిగ్గా ఆ దశకంలోనే ఐర్లాండులో బంగాళాదుంప పంట కుళ్లి కరువు వచ్చి, అక్కడి పేద ఇళ్లలో ఆడవాళ్లకి కూటి దారిగా క్రోషే నేర్పారు. ఖరీదైన లేసుని పోలినదాన్ని సూదీ దారంతో చవగ్గా అల్లించి అమ్మడం అన్నది రెండుచోట్లా ఒకటే ఉపాయం. దొరల బల్లల మీదికి వెళ్లే గుడ్డ కరువిళ్లలో తయారైంది. ఇక్కడ మొదట క్రైస్తవ కుటుంబాల్లో, తర్వాత కాపుల ఇళ్లలో, మత్స్యకారుల ఇళ్లలో పాకింది. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, పిల్లల ఫ్రాకులు ఐరోపాకీ అమెరికాకీ వెళ్లాయి, వెళ్తున్నాయి. చైనా నుంచి చవగ్గా దిగే మెషీన్ లేసు గట్టి దెబ్బే కొట్టింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు గురించి మామ్మగారిని అడిగితే, “టీవీలో చెప్పారంట” అంటారు. రేటు పెరిగిందా అని అడిగితే జవాబు చెప్పరు, మీ చేతిలో దారం బిగువు సవరిస్తారు.

నాలుగవుతుంది. మెడ పట్టేసింది. కళ్లు అదే తెల్లదారాన్ని, అదే అంగుళం జాగాని చూసిచూసి, తలెత్తితే కాలవ అవతలి గట్టు మసకగా తేలుతోంది. మామ్మగారి కళ్లద్దాలు ఎందుకంత దళసరిగా ఉన్నాయో అడగనక్కర్లేదు. వీధిలో కుర్చీలు వేసుకున్న కాలేజీ పిల్లలిద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు, వాళ్ల చేతిలో దారం లేదు. అందులో ఒకమ్మాయి ఈవిడ మనవరాలు. “దానికి రాదు. నేర్పలేదు,” అంటారు మామ్మగారు. ఆ గొంతులో బెంగ వెతకబోకండి. గర్వమే ఉంది.

సైకిల్ బెల్లు. ఏజెంటు వచ్చాడు. మోపెడ్లు వచ్చిన కాలంలో కూడా సైకిలే, వెనక కారియరుకి సంచీ. దారం తూచి ఇస్తాడు, అల్లినది తూచి పట్టుకుపోతాడు. అరుగుల మీద కవర్లు తెరుచుకుంటాయి. పువ్వుల్ని పదేసి చొప్పున దారంతో గుచ్చి పెట్టుకున్నారు. అతను వాటిని వేళ్లతో నొక్కి చూసి, రెండు పక్కన పెట్టి, పుస్తకంలో రాసుకుంటాడు. ఆ రెంటిలో ఏం లోపమో మీ కంటికి ఆనలేదు. ఎదురరుగు ఆవిడ నోరు తెరవబోయి ఊరుకుంటుంది.

మీ చేతిలో ఉన్నదాన్ని మామ్మగారు చటుక్కున తీసుకుంటారు. తొమ్మిది రేకులు నిలబడ్డాయి, వాటిలో ఒకటి మరుగుజ్జు. దాచుకుందామనుకున్నారు మీరు, బ్యాగులో వేసుకుని. ఆవిడ కొస పట్టి లాగేస్తారు. వలయంతో సహా పోతుంది. మెలికలు తిరిగిన దారాన్ని మోకాలి మీద సాగదీస్తూ ఉండకి చుట్టేస్తారు, ఒక్క బారెడు కూడా వదలకుండా. తూకం దారం మరి. తగ్గితే ఆవిడ ఖాతాలో తగ్గుతుంది.

ఏజెంటు వెళ్లాక మీరు అడుగుతారు, ఈ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి టేబుల్ క్లాత్ చెయ్యడం ఎలాగో కూడా చూపించమని.

“అతుకుపనా? అది నాకు రాదమ్మా.”

మీరు నమ్మరు. యాభై ఏళ్లుగా అల్లుతున్న మనిషి.

“నేను పువ్వులే. చిన్నప్పణ్ణుంచీ పువ్వులే. అతికేవాళ్లు వేరు, అంచు కట్టేవాళ్లు వేరు. మూడో వీధిలో సుందరమ్మ చెల్లెలు అతుకుతాది, పొద్దున్నే వెళ్తే దొరుకుద్ది.” కాసేపు ఆలోచించి, సూది మళ్లీ మీ చేతికిస్తారు. “అయినా నీకిప్పుడు అతుకెందుకు? ముందు ఎనిమిది గొలుసులు వెయ్యి. ఈసారి నా మొహం చూస్తా వెయ్యి, చేతులకేసి చూడకు.”